నల్ల టేపు భక్తులకు

జంషెడ్‌పూర్‌లో మేడ మీద రేడియో యాంటెన్నా పెట్టించుకున్నవాళ్లందరికీ ఓ మంత్రం తెలిసే ఉంటుంది: "కుఛ్ నహీఁ హోగా", అంటే "ఏమీ కాదులే." కదమా అయినా సోనారీ అయినా, కేబుల్ బిగించేందుకు వచ్చినతను కనెక్టరుకి నాలుగు చుట్లు నల్ల టేపు చుట్టి, బొటనవేలితో ఓ నొక్కు నొక్కి, ఆ మంత్రం పలికి మెట్లు దిగిపోతాడు.

మే ఎండకి ఆ టేపు జిగురు కరుగుతుంది. కాలవైశాఖి గాలికి కొస లేస్తుంది. జూన్ నడుమ అసలు వాన మొదలయ్యేసరికి టేపు చేసే పని ఒక్కటే, లోపలికి వచ్చిన నీటిని బయటికి పోనివ్వకపోవడం.

పీఎల్-259 ని చూసి "మిలిటరీ మాల్" అని మురిసేవాళ్లున్నారు. 1930లనాటి ఆ కనెక్టరులో నీటిని ఆపే వాషరే లేదు. రబ్బరు రింగుతో ఉన్నది 1940లలో బెల్ ల్యాబ్స్ పాల్ నీల్ పేరు మీద వచ్చిన ఎన్-టైప్. అది ఖరీదట! మరికొందరు బాత్‌రూమ్ సిలికాన్ పూస్తారు. దానికి సిర్కా వాసన ఊరికే రాదు, ఆరుతూ వదిలే ఆమ్లం అది, రాగిని తినేస్తుంది. 1912లో తొలి ఉక్కు పోసిన ఊళ్లో చిలుముని డబ్బిచ్చి కొనుక్కోవడమంటే ఇదే.

అసలు వినోదం, యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యుఆర్ మీటరుది. నీరు అల్లిక తీగల వెంట పాకి కేబుల్‌ని తడిపేస్తే, మనం పంపిన శక్తిని ఆ కేబులే సగం దారిలో మింగుతుంది. యాంటెన్నా తిప్పికొట్టిన దాన్నీ మింగుతుంది. వెనక్కి వచ్చేది లేదు కాబట్టి ముల్లు "భేష్" అంటుంది. కోల్‌కతా కూడా వినపడదు, మీటరు మాత్రం ఎన్నడూ లేనంత ఆనందంగా ఉంటుంది. మీటరుని నమ్మేవాడికి తడిసిన కేబులే ఉత్తమ కేబుల్!

తనకు తానే అతుక్కునే రబ్బరు టేపుని సాగదీసి, పెంకులు పేర్చినట్టు కింది నుంచి పైకి చుట్టి, ఎండ తగలకుండా దాని మీద నల్ల టేపు వేసి, కేబుల్ ఇంట్లోకి దూరే ముందు నీరు జారిపోయేలా కిందికి ఓ వంపు ఇవ్వమని చెప్పి చూడండి. "ఇంత చాదస్తమా?" అన్నట్టు చూస్తారు. పై నుంచి కిందికి చుడితే ప్రతి అంచూ వానచుక్కకి గుమ్మమే కదా అంటే, మళ్లీ అదే మంత్రం.

కిందటేడు చుట్టిన టేపు విప్పి, లోపల పచ్చబడ్డ రాగిని ఒకతనికి చూపించాను. తేరిపార చూసి, తల పంకించి అన్నాడు: "ఈసారి ఆరు చుట్లు వేస్తా సార్."