కలుపుగోలు మోడ్‌కర్త

ఒక కంప్యూటరు ఆటకు దాన్ని ఆడేవారే కొత్తగా చేర్చే వాహనాలను, కట్టడాలను, నియమాలను మోడ్ అంటారు. చీరాల, వాడరేవు ప్రాంతాల ఇంజనీరింగు విద్యార్థులలో ఈ పనిలో మునిగి తేలే ఒక జాతిని ‘కలుపుగోలు మోడ్‌కర్త’ అని పిలవవచ్చు. అతడు మనుషులతో అంతగా కలవకపోయినా, ఎవరెవరి కోడునో తెచ్చి అడ్డూ ఆపూ లేకుండా కలిపేస్తాడు.

2024లో లువాంటిగా పేరు మార్చుకున్న మైన్‌టెస్ట్ అనే ఆటలో వాడరేవు దీపస్తంభాన్ని, ఒడ్డుకు లాగిన పడవలను, మిరప కల్లాలను నిలబెట్టడం అతని జీవితాశయం. పడవను నడిపే కోడు, లైసెన్సు ‘జీపీఎల్ 2వ కూర్పు మాత్రమే’ అని రాసి ఉన్న మోడ్ నుంచి, అలల కోడు అపాచీ 2.0 లైసెన్సు ఉన్న మరో మోడ్ నుంచి వస్తాయి. ఎవరైనా అడ్డు చెబితే ‘ఓపెన్ సోర్సే కదా మావా’ అన్నది అతని ఏకైక న్యాయసూత్రం.

అయితే ఓపెన్ సోర్సు అంటే షరతులు లేనిదని కాదు, షరతుల మీద ఇచ్చినదని అర్థం. 1991 నాటి జీపీఎల్ 2వ కూర్పు, తన కోడు కలిసిన ప్రోగ్రామును పంచేవారు మొత్తాన్ని అదే లైసెన్సు కింద ఇవ్వాలనీ, అదనపు ఆంక్షలు పెట్టరాదనీ అంటుంది. 2004 నాటి అపాచీ 2.0లో, పేటెంటు దావా వేసినవారు తమకు దక్కిన పేటెంటు హక్కును కోల్పోతారన్న షరతు ఉంది కనుక, అది జీపీఎల్ 2వ కూర్పు దృష్టిలో అదనపు ఆంక్ష అవుతుంది. విడివిడిగా రెండూ మంచివే, కలిస్తేనే చెడతాయి. 2007లో వచ్చిన జీపీఎల్ 3వ కూర్పు ఈ చిక్కును విప్పింది గానీ, ‘2వ కూర్పు మాత్రమే’ అన్న చోట ఆ ‘మాత్రమే’ దారికి అడ్డంగా కూర్చుంటుంది.

ఇదంతా మిరప రైతైన అతని తండ్రికి చెబితే ఇట్టే అర్థమవుతుంది. బోర్డో మిశ్రమాన్ని ఏ పురుగుమందుతో పడితే దానితో కలపరాదని ఆయనకు తెలుసు. అనుమానం వస్తే డబ్బా మీది కాగితం చదివి, రెండు మందులనూ గ్లాసుడు నీళ్లలో కలిపి, విరిగితే పారబోస్తారు. మందు విరిగితే కంటికి కనిపిస్తుంది, లైసెన్సు విరిగినా ఆట మాత్రం నడుస్తూనే ఉంటుంది. కుమారుని ధైర్యానికి ఆధారం అదే. మైన్‌క్రాఫ్ట్ అనే మరో ఆట సర్వర్లకు వాడిన క్రాఫ్ట్‌బుకిట్ కూడా అలాగే ఏళ్ల తరబడి నడిచింది; జీపీఎల్ కుటుంబపు లైసెన్సు ఉన్న కోడు, మూలం బయటపెట్టని మైన్‌క్రాఫ్ట్ కోడు అందులో కలిసి ఉండడంతో, దాన్ని రాసినవారిలో ఒకరు 2014 సెప్టెంబరులో కాపీరైటు నోటీసు ఇవ్వగా, దాని పంపిణీ ఆగిపోయింది.

ఈ జాతి అసలు స్వభావం, ఇతని దీపస్తంభాన్ని మరొక కుర్రవాడు తన మోడ్‌లో పెట్టుకున్న రోజున బయటపడుతుంది. ఆనాడు ‘మావా’ మాయమై ‘గారూ’ ప్రత్యక్షమవుతుంది. 1957 కాపీరైటు చట్టంలో కంప్యూటరు ప్రోగ్రాములు కూడా సాహిత్య రచనలేనన్న సంగతి అతనికి రాత్రికి రాత్రే కంఠతా వస్తుంది. తన మోడ్‌కు లైసెన్సు ఫైలే లేదనీ, లైసెన్సు రాయనంత మాత్రాన ఏ కోడూ అందరి సొత్తు కాదనీ అతడు చేసే వాదన చట్టరీత్యా సరైనదే. ఆ వాదన తాను తెచ్చుకున్న పడవకూ అలలకూ సైతం వర్తిస్తుందని మాత్రం అతనికి తోచదు. కలిపే ముందు కాగితం చదివేది ఆ ఇంట్లో ఇప్పటికీ తండ్రి ఒక్కరే.