లెటర్ ఉన్న ఎస్సై

పోలీసు శాఖలో ‘లెటర్’ అంటే, ఫలానా ఎస్సైని ఫలానా స్టేషన్‌కు వేయమని ఎమ్మెల్యే తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చే సిఫారసు. బదిలీ చేసే అధికారం చట్టప్రకారం పైఅధికారులది. అందులో శాసనసభ్యుడి ఊసే లేదు. అక్కర్లేదు కూడా, లెటర్ ఉంది కదా.

జనం ఓట్లేసి గెలిపించినవాడి మాట వినని పోలీసు ఇంకెవరి మాట వింటాడన్నది దీన్ని సమర్థించేవారి వాదన. ఇంగ్లండ్, వేల్స్‌లోనూ 2012 నుంచి పోలీసుల పర్యవేక్షణకు కమిషనర్లను ఓటేసి ఎన్నుకుంటున్నారు. అయితే ఎవరిని అరెస్టు చేయాలో చెప్పే అధికారం వాళ్లకు లేదు. ఆ ఒక్క లోపం ఇక్కడ సవరించారు.

గోదావరి ఇసుక, పోడు తగాదాలు, ఒడిశా వైపు నుంచి వచ్చే గంజాయి కలిసే భద్రాచలం సరిహద్దులో స్టేషన్ చిన్నదైనా పోస్టింగ్ పెద్దది. రాత్రిపూట ఇసుక లారీని ఆపితే డ్రైవర్ వేబిల్లు బదులు ఫోన్ అందిస్తాడు. అవతల ఎమ్మెల్యే పీఏ గొంతు: “మనోళ్ల బండే, వదిలెయ్.” వదలని ఎస్సైకి వీఆరో (పోస్టింగ్ లేని నిరీక్షణ), లూప్‌లైనో (ప్రాధాన్యం లేని పోస్టు) తప్పదు. పోడు కేసులో పట్టుకొచ్చిన కోయ రైతు దగ్గరా ఫోన్ ఉంటుంది. చేయాల్సిన నంబరే ఉండదు.

ఎన్నికైనవాడు పోలీసు పని నెత్తినేసుకుంటే ఏమవుతుందో పక్కనున్న బస్తర్ 2005లోనే చూసింది. ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీలో ప్రతిపక్ష నేత మహేంద్ర కర్మ ముందుండి నడిపిన మావోయిస్టు వ్యతిరేక ఉద్యమం సల్వా జుడుం రోజుల్లో ఆదివాసీ కుర్రాళ్లను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లను చేసి తుపాకులిచ్చారు. అది రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తేల్చేసరికి, జుడుంకూ మావోయిస్టులకూ నడుమ నలిగిన కుటుంబాలు చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. ఇక్కడ వాళ్లను గుత్తికోయలంటారు. వీరిలో ఓటులేనివారికి ఎమ్మెల్యేతో ఎంత పనున్నా, ఎమ్మెల్యేకు వారితో పనిలేదు.

ఈ లెటర్ రోగానికి మందు 2006 సెప్టెంబరు 22నే, పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాసిచ్చింది. బదిలీలకు పోలీసు అధికారుల బోర్డు, స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల గడువు, ప్రతిపక్ష నేతకూ చోటుండే రాష్ట్ర భద్రతా కమిషన్, జిల్లాకో ఫిర్యాదుల అథారిటీ. బోర్డుతో లెటర్‌కు పేచీ ఏమీ లేదు. ముందు లెటర్ వెళ్తుంది, తర్వాత ఉత్తర్వు వస్తుంది.

ఇక ప్రజాతీర్పు సంగతి. ప్రతిపక్షం గెలిచిన నియోజకవర్గంలో లెటర్ హక్కు గెలిచినవాడికి దక్కదు. అధికార పార్టీ టికెట్‌పై ఓడినవాడు ‘ఇన్‌చార్జి’ హోదాలో రాస్తాడు. జనం వద్దన్న మనిషి మాటే స్టేషన్‌లో చెల్లుతుంది.