డ్యూ డాక్టర్

అర్ధరాత్రి లేపి "కోరకోబ్రేకియాలిస్ కండరంలోంచి దూసుకుపోయే నరం ఏది?" అని అడగండి. కళ్లు తెరవకుండానే "మస్క్యులోక్యుటేనియస్, సి5, సి6, సి7" అంటాడు. అదే నరాన్ని డిసెక్షన్ హాల్లో కెడావర్ మీద చూపించమంటే మాత్రం భుజం నుంచి మోచేతి దాకా గాలిలో ఓ గీత గీసి, "ఈ ఏరియాలోనే సార్" అంటాడు.

2022లో కొత్తగూడెంలో 150 సీట్లతో, మరుసటేడు ఖమ్మంలో 100 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాక ఈ జాతి మన అడవి అంచుకు కూడా చేరింది. బ్యాచికి ఒకడైనా ఉంటాడు. మనవాడిది చర్ల వైపు. హాస్టల్లో అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, డ్యూ డాక్టరంటే చాలు. ఫోన్లో ఆంకీ అనే ప్రశ్న-జవాబు కార్డుల యాప్ తెల్లారగానే "ఇవాళ ఇన్ని కార్డులు డ్యూ" అని ఓ అంకె చూపిస్తుంది. పళ్లు తోముకునే తీరిక ఉందో లేదో ఆ అంకె చూశాకే తేలుతుంది.

యాప్‌ను తప్పుపట్టడానికేం లేదు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పెద్దాయన అర్థంపర్థం లేని అక్షరాలు బట్టీపట్టి, ఎంత తొందరగా మరిచిపోతున్నాడో తన మీదే కొలుచుకుని 1885లోనే పుస్తకం వేశాడు. మరుపు వచ్చేలోపు మళ్లీ అడిగితే గుర్తు గట్టిపడుతుంది, ఆపై అడిగే ఎడం పెంచుకుంటూ పోవచ్చు. 2006లో వచ్చిన ఆంకీ ఆ ఎడాల లెక్కంతా తనే చూసుకుంటుంది. మెలిక ఎక్కడంటే, రోజూ వేసుకునే ఒక్కో కొత్త కార్డుకు కొన్నాళ్లలో ఏడెనిమిది పాత కార్డులు రోజూ తిరిగొస్తాయి. అందుకే యాప్ తనంతట తాను రోజుకు 20 కొత్తవే ఇస్తుంది. పాతవి 200 మించి చూపించదు. మనవాడు మొదటి రాత్రే 20ని 100 చేశాడు, 200 గేటును పూర్తిగా ఎత్తేశాడు. "అప్పర్ లింబ్ వారంలో లేపేద్దాం మామా" అన్నాడు.

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు తర్వాతి సంగతి చెప్పనక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. రూమ్మేట్లు పక్కన సున్నా చేర్చి తలుపు వెనక రాసేశారు: 430, 480, 530. పొద్దున పలకరింపు కూడా మారిపోయింది, "ఏంది మామా, నీటిమట్టం ఎంత?" మూడో హెచ్చరిక దాటిన రోజు ఎవరూ అతని జోలికి పోరు. మెస్సులో అన్నం కలిపి, ప్లేటు చేతికే ఇస్తారు. శ్రీరామనవమికి ఊరెళ్లి కల్యాణం, తలంబ్రాలు, చుట్టాలు అంటూ మూడు రోజులు ఫోన్ ముట్టకుండా వచ్చేసరికి అంకె 756 దాటింది. 1986 వరదలో గోదావరి ఎక్కింది 75.6 అడుగులు. రికార్డు పోయిందని రూమ్మేట్లు ఫోన్‌కు పసుపు కుంకుమ పెట్టి "శాంతించు తల్లీ" అని దండం పెట్టారు.

అంత వరదలోనూ అతను చేసే పని కార్డులు తిప్పడం కాదు, కార్డులకు ముస్తాబు. ధమనులకు ఎరుపు, సిరలకు నీలం, నరాలకు పసుపు. బయోకెమిస్ట్రీకి ఏ రంగు వెయ్యాలన్నది ఇంకా తేలలేదు. ఒకసారి ఊళ్లో, సిగ్నల్ లేనిచోట బుద్ధిగా రెండు రోజులు ఫోన్లో చదివాడు. హాస్టల్‌కొచ్చి లాప్‌టాప్‌లో కార్డు మీద "సీనియర్ చెప్పిన ముక్క" అని ఓ కొత్త గడి చేర్చాడు. గడి చేరిస్తే రెండు పక్కలా కలవవు, ఏదో ఒకటే మిగలాలంటుంది యాప్. రంగులున్న లాప్‌టాప్ పక్కనే నొక్కాడు. రెండు రోజుల చదువు పోయింది. గడి మాత్రం ఉంది, ఖాళీగా.

దుమ్ముగూడెం మండలంలో వాళ్ల పిన్ని ఆశా కార్యకర్త. ఆవిడకోసారి ఈ విద్య బోధించాడు: మొదట ఒక రోజు, ఆ తర్వాత మూడు, ఆపైన వారం... ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది.

"దవాఖానల పుట్టిన పసిగుడ్డు ఇంటికి మేం మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు, ఇట్ల పోతం. ఇంట్ల కాన్పైతే మొదటి రోజు గూడ. నీ కార్డుల కాడికి నువ్వు నడిచి పోవాల్నా?"

"లేదు పిన్నీ, అవే వస్తయ్."

"వాగు దాటాల్నా?"

"లేదు."

"మరెందుకురా అంత మొత్తుకుంటవ్?"

ఆ రాత్రే పిన్ని చెప్పిన రోజులతో కార్డు తయారైంది, గులాబీ రంగులో. ఇరవై ఒకటి దగ్గర ప్రతిసారీ తప్పుతాడు. ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకు యాప్ లీచ్, అంటే జలగ, అని ముద్ర వేస్తుంది. పిన్ని కార్డుకూ ఆ గతే పట్టింది.

వైవాలో ఎక్స్‌టర్నల్ గారు కిడ్నీ గురించి ఏదో అడిగారు. మనవాడు కాసేపు పైకప్పు చూసి, పరమ వినయంగా, "సార్, అది 14వ తారీఖున వస్తుంది" అన్నాడు. "ఎవరు?" అంటూ ఆయన గుమ్మం వైపు చూశారు.

చివరికి సీనియర్ అక్క ఒకావిడ ఫోన్ లాక్కుని కొత్త కార్డుల దగ్గర సున్నా పెట్టింది. "పాతవి తగ్గేదాకా ఒక్కటి చేర్చకు. తర్వాత రోజుకు పదిహేను, పండగైనా సరే. అర్థం కాని పాఠానికి, డిసెక్షన్ హాల్లో చేత్తో పట్టుకోని నరానికి కార్డు రాయకు." విన్నాడు, ఆశ్చర్యమే. నెలన్నరకు వరద తీసింది. ఇప్పుడు భద్రాచలం బస్సు పాల్వంచ చేరేలోపే ఆ రోజు కార్డులు అయిపోతున్నాయి. రూమ్మేట్లకే పొద్దుపోవడం లేదు.

అయితే అక్క చెప్పిన పద్ధతి మరిచిపోతానేమోనని భయం పట్టుకుంది. అందుకని దాని మీద విడిగా ఒక డెక్కు మొదలుపెట్టాడు. నిన్నటికి నూట అరవై కార్డులయ్యాయి.