తాండూరు ప్రేక్షకుడి నుంచి క్రికెట్ మండలికి బహిరంగ లేఖ

భారత క్రికెట్ నియంత్రణ మండలి పెద్దలకు,

తాండూరు ప్రేక్షకుడు దండం పెట్టి పంపుకుంటున్న విన్నపం. ఆయనది వికారాబాద్ జిల్లా. కందిపప్పుకూ నాపరాళ్లకూ పేరుపడ్డ ఊరు. కాస్త దూరం పోతే కర్ణాటక. ఆయన గోడంతా ఆ సరిహద్దు దగ్గరే మొదలైంది.

2017లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నైపుణ్యం పేరుతో ఉన్న మినహాయింపునూ తీసేసింది. దాంతో ఫాంటసీ క్రికెట్ యాప్ డ్రీమ్11 తెలంగాణవాళ్లను డబ్బు పోటీల్లోకి రానివ్వలేదు. కర్ణాటక కూడా 2021లో నిషేధం తెచ్చింది గానీ, 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టేసింది. ఇక చూడండి తమాషా! తాండూరులో నేరమైన పని కర్ణాటకలోని సేడం పోయేసరికి నైపుణ్యమైంది. ఫోన్ అదే, మ్యాచ్ అదే, మారింది లొకేషన్ ఒక్కటే.

2023 జులైలో తమరు ఆ డ్రీమ్11 పేరునే టీమిండియా జెర్సీకి ఎక్కించారు. మూడేళ్లకు 358 కోట్లని పత్రికలు రాశాయి. ఆ సెప్టెంబరులో కొలంబోలో మన హైదరాబాదీ సిరాజ్ ఆ చొక్కాతోనే ఆసియా కప్ ఫైనల్లో ఆరు వికెట్లు తీశాడు. తాండూరు ఈలలు వేసింది. చొక్కా మీది పేరును ఫోన్లో నొక్కి పందెం కాస్తే మాత్రం కేసు.

ఫిక్సింగ్‌ను అడ్డుకోవడానికి తమ దగ్గర అవినీతి నిరోధక విభాగం ఉంది. బుకీ పలకరించిన సంగతి దాచిపెట్టినా ఆటగాడికి శిక్షే. సబబే. సెషన్ మీద, ఒక్క ఓవర్లో వచ్చే పరుగుల మీద పందేలు నడిచేచోట పదకొండు మందినీ కొననక్కర్లేదు, ఒక్క బౌలర్ చాలు.

కానీ పట్టుబడ్డాక? 2019లో కర్ణాటక ప్రీమియర్ లీగ్ ఫిక్సింగ్ కేసులో ఆటగాళ్లతోపాటు ఒక జట్టు యజమాని కూడా అరెస్టయ్యాడు. 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు ఫిక్సింగ్ మోసం కాదని, 420 సెక్షన్ కిందికి రాదని అంది. ప్రేక్షకుడు టికెట్ ఇష్టపూర్వకంగానే కొన్నాడట! క్రమశిక్షణ చర్యలు బోర్డు చూసుకోవాలంది. ఫిక్సింగ్ ఆరోపణలతో మాజీ కెప్టెన్ అజహరుద్దీన్‌పై తమరు 2000లో వేసిన జీవితకాల నిషేధం చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. అంటే చట్టం తమ మీదికి తోస్తోంది, తమ తీర్పు కోర్టులో నిలవడం లేదు. క్యాచ్ జారిన ప్రతిసారీ ‘అమ్ముడుపోయాడా?’ అన్న అనుమానం ప్రేక్షకుడికి మిగులుతోంది.

2025 ఆగస్టులో కేంద్రం డబ్బు ఆటల యాప్‌లను నిషేధించింది. డ్రీమ్11 తప్పుకుంది. సెప్టెంబరులో మన జట్టు స్పాన్సర్ లేని జెర్సీతోనే ఆసియా కప్ ఆడింది. దుబాయ్ ఫైనల్లో మన తిలక్ వర్మ 69 నాటౌట్. ఛాతీ మీద కంపెనీ పేరు లేదని ఒక్క పరుగూ తగ్గలేదు.

కోరికలు మూడే. బుకీలు సంప్రదించినట్టు ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఏం చేశారో ప్రతి సీజన్ చివర ప్రకటించండి. రాష్ట్ర స్థాయి లీగుల్లోనూ ఐపీఎల్లో ఉన్నంత నిఘా పెట్టండి. రేపు అవే కంపెనీలు మారుపేరుతో వచ్చి చెక్కు చూపిస్తే, సంతకం చేసేముందు ఒకసారి తాండూరు వచ్చి మ్యాచ్ చూడండి.

ఇట్లు,
టికెట్ ఇష్టపూర్వకంగానే కొన్న
తాండూరు ప్రేక్షకుడు