నా పేరు కన్నా నేను ఏడాది పెద్ద

శాన్ డియేగోలో ఒక తెలుగువాళ్ల ఇంటి పెరట్లో ఉంటాను. ప్రహరీ అవతల నుంచి చూసిన తెలుగువాళ్లెవరైనా ఒక్క క్షణం ఆగుతారు. “కొబ్బరి చెట్టు!” అంటారు. మట్టలు అలాగే వంగుతాయి, గాలికి అలాగే గలగలమంటాయి. అయినా నేను కొబ్బరిని కాను.

నన్ను కన్న చెట్టు మడగాస్కర్ మధ్య పీఠభూమి మీద, సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైన, ఒక నది అంచున ఉండేది. దాని చుట్టూ గడ్డి మైదానాలు. మూపురం ఉన్న జెబూ పశువుల కోసం లేత గడ్డి రావాలని అక్కడ గడ్డికి నిప్పు పెడతారు. మంటకి పెద్ద చెట్లు ఎలాగో తట్టుకుంటాయి, మొలకలు తట్టుకోలేవు. అందుకే మావాళ్లు ఏటి తడిని పట్టుకుని బతుకుతున్నారు. ఆ దీవిలోని 192 పామ్ జాతుల్లో నూటికి 83 అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2012లో ఐయూసీఎన్ ప్రకటించింది. ఆ లెక్క విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గడ్డి పొగే.

2006లో, గింజగా ఉండగానే, సముద్రం దాటాను. మొలిచాక నా కుండీకి ‘బెక్కారియోఫీనిక్స్ మడగాస్కరియెన్సిస్’ అని చీటీ గుచ్చారు. ఇంటిపేరు సరైనదే. ఆ ఇంటిపేరులో ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు బెక్కారీ ఉన్నాడు, ఖర్జూరానికి గ్రీకులు పెట్టుకున్న పేరూ ఉంది. చుట్టరికం మాత్రం కొబ్బరితో. తప్పంతా పెట్టిన పేరులో ఉంది.

పేరు తప్పితే ఏమవుతుందని అడిగేవాళ్లకి నా మొదటి అయిదేళ్లు చెబుతాను. ఆ చీటీతో అమ్ముడయ్యే చెట్లు తూర్పు తీరపు వాన అడవుల పిల్లలు. చిన్నతనంలో వాటికి నీడ కావాలి, తేమ కావాలి, చలి తగలకూడదు. ఈ ఇంటాయన శ్రద్ధ గలవాడు, చీటీని నమ్మాడు. నన్ను అవకాడో చెట్టు కింద పెట్టి, రోజూ తడిపాడు, చలికాలం దుప్పటి కప్పాడు. నాకేమో ఎండ కావాలి. ఏడాదికి ఒక్క ఆకు, అదీ పాలిపోయి, సన్నగా సాగిపోయి. ఆయన ప్రేమలో లోపం లేదు. ఆ ప్రేమ వేరే చెట్టుకి అందాల్సింది.

2011లో, పామ్ చెట్లు పెంచడమే లోకంగా బతికే ఒక పెద్దాయన వచ్చాడు. చీటీ చదవలేదు. మోకాళ్ల మీద కూర్చుని నా ఆకు మొదలు దగ్గర, నడి ఈనె పక్కన, వేలితో తడిమాడు. “కిటికీలేవి?” అన్నాడు.

అప్పటికి ఆ చీటీ పేరుతో తోటల్లో ఎక్కువగా పెరుగుతున్న చెట్టుకి లేత వయసులో ఒక గుర్తు ఉంటుంది. ఆకు చివర్లు అతుక్కునే ఉంటాయి, నడి ఈనె దగ్గర మాత్రం రేకుల మధ్య సన్నని సందులు తెరుచుకుంటాయి, కిటికీల్లా. నాకు అవి లేవు. నా ఆకు చిన్నప్పుడే రేకులు రేకులుగా విడిపోయింది. “ఇది ఆల్ఫ్రెడీ. ఎండలో పెట్టు” అన్నాడాయన.

అలా తెలిసింది నా పేరు. ఆల్ఫ్రెడ్ రజాఫింద్రాత్సిరా అనే మడగాస్కర్ మనిషి పేరు మీదుగా 2007లో నా జాతికి ఆ పేరు పెట్టారట. పెట్టిన ముగ్గురు రకోతోఅరినివో, రనరివెలో, డ్రాన్స్‌ఫీల్డ్. అంటే నా పేరు కన్నా నేనే ఏడాది పెద్ద. ఇంకో వింత, ఆ కిటికీల చెట్టుకి కూడా చీటీ మీది పేరు సొంతం కాదు. 2014లో దాన్ని వేరే జాతిగా తేల్చి, కిటికీ అనే లాటిన్ మాట మీద ‘ఫెనెస్ట్రాలిస్’ అన్నారు. ఇన్నేళ్లూ ఇద్దరం మూడోవాళ్ల పేరు మోశాం.

ఎండలో కుదురు తవ్వి నాటారు. మరుసటి వేసవికి ఒకటి కాదు, నాలుగు ఆకులు వేశాను.

ఆ తర్వాత మామ్మ వచ్చింది, కోనసీమ నుంచి. అంతకు ముందు ఇంటాయన రెండుసార్లు మొలకెత్తిన కొబ్బరికాయ తెచ్చి నాటాడు. రెండూ చలికాలపు చల్లని తడి నేలలో వేరు కుళ్లి పోయాయి. అదే చలి నాకు మా పీఠభూమి రాత్రుల్లా ఉంటుంది. మామ్మ నన్ను చూసి మొవ్వు వైపు తలెత్తి, “ఏరా అబ్బాయ్, గెల ఎప్పుడేస్తుందిది?” అంది. కొబ్బరి కాదమ్మా అని ఆయన చెప్పేలోగా, నా కింది మట్టల మీద నారింజ మచ్చలు చూసి కత్తి అడిగింది.

“వద్దమ్మా, పొటాషియం చాలక వచ్చిన మచ్చలవి. ఆ ముసలి మట్టల్లోంచే లాక్కుని కొత్త ఆకుకి పెడుతుంది. కోస్తే పైమట్టని పీల్చుకుంటుంది” అన్నాడు. మామ్మ కాసేపు నన్నే చూసి, “కన్నతల్లి లాగే” అంది. కత్తి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి బియ్యం కడిగిన నీళ్లు నావే.

ఇప్పటికీ గెల వేయలేదు. వేసినా నా కాయ రేగిపండంత. ఆ సంగతి మనవడు చేతివేళ్లతో చూపిస్తే, “అయితే ఏం, ఈనెలు బాగున్నాయి” అంది మామ్మ. దానంతటది ఎండి రాలిన మట్ట ఒకటి వరండాలోకి లాక్కెళ్లి, కాళ్లు ముందుకు చాపుకుని కూర్చుంది. వాళ్ల ఊళ్లో చేసినట్టే ఒక్కో ఈనె చీలుస్తూ చీపురు కడుతోంది. మనవడు పక్కన కూర్చుని పాత చీటీ వెనక కొత్త పేరు రాస్తున్నాడు.