అన్ని బళ్లకీ పట్టేత్తదండి

రాజోలు సెంటర్లో ఆన్‌లైన్ ఆర్డరు అట్టపెట్టె పట్టుకుని షెడ్డు ముందు బండి ఆపిన కుర్రాణ్ణి చూడగానే మెకానిక్ రెంచీ కింద పెట్టి డ్రిల్లింగ్ మిషన్ అందుకుంటాడు. పెట్టెలో ఏముందో అడగడు. ఏదున్నా బెజ్జం కలవదని ఆయనకు తెలుసు.

"లెగ్ గార్డండి. మన బండి పేరే రాసుందండి ఆయ్!"

"పేరు రాయడానికి ఖర్చేవుంది బాబూ, బోల్టు ఎక్కడ పడుద్దో రాశాడేంటి?"

ఎడమ పక్క క్లాంపు చక్కగా కూర్చుంటుంది. కుడి పక్కది బొటనవేలంత దూరంలో నిలబడి చూస్తూ ఉంటుంది. కుర్రాడు గార్డును గుంజి పడితే మెకానిక్ కుడి బోల్టు ఎక్కిస్తాడు. ఆ గుంజుడుకి ఎడమది ఊడొస్తుంది. మొత్తానికి రెండూ ఎక్కాక తేలేదేమిటంటే, గార్డు పోయి సైలెన్సర్ పైపును ఆనుకుంది. ఇందులో కుర్రాడి తప్పేం లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలా బళ్లకు సైలెన్సర్, ఇంజిన్ చుట్టూ అమరిక మారిపోయాయి. బండి పేరు మాత్రం మారలేదు. అమ్మేవాడు పేరొక్కటే చూసుకుని పాత కొలతల గార్డునే కొత్త బండికీ అంటగడతాడు.

అద్దాల కథ ఇంకా చిత్రం. గుండ్రటి అద్దాల జత ఫొటోలో లడఖ్ కొండల మధ్య నిగనిగలాడుతుంది. మలికిపురం కాలవగట్టు మీద నడిచే యమహాకు బిగించబోతే ఎడమది పడుతుంది, కుడిది ఎంత తిప్పినా పట్టదు. యమహా కుడి అద్దానికి త్రెడ్డు తిరగేసి ఉంటుంది మరి. ఎదుటి నుంచి దెబ్బ తగిలినప్పుడు అద్దం బిగుసుకుని విరక్కుండా వదులై తిరిగిపోవాలన్నది అందులోని యుక్తి. రోడ్డు మీదకు కొబ్బరి మట్టలు వేలాడే మన సీమలో అంతకన్నా పనికొచ్చే యుక్తి ఉండదు. మామూలు త్రెడ్డున్న అద్దాన్ని బలవంతంగా తిప్పితే మాత్రం హ్యాండిల్ మీది మర కాస్తా అరిగిపోతుంది. అద్దం ధర వందల్లో, మర పోయిన హోల్డర్ మార్చాలంటే వేరే లెక్క.

లైట్ల దగ్గరకొస్తే నవ్వు ఆగిపోతుంది. మన బళ్లలో చాలావాటికి హెచ్ఎస్-1 బల్బు, 35/35 వాట్లు. కార్లలో వాడే హెచ్-4 అయితే 60/55. ఒకదాని చోట ఒకటి పెట్టేయకూడదనే వాటి రెక్కల అమరికను వేరు చేశారు. కుర్రాడు ఆ రెక్కను ఆకురాయితో రాకించి మరీ ఎక్కిస్తాడు. ఎల్ఈడీ అయితే వెనకాల ఫ్యానుతో సహా వస్తుంది. హెడ్‌లైట్ డొప్పలో అది పట్టదు కాబట్టి వాన నీళ్లు రాకుండా ఉండే రబ్బరు మూతను తీసి అవతల పడేస్తారు. ఇక వెలుగంటారా, రోడ్డు మీద తప్ప అన్నిచోట్లా పడుతుంది: కొబ్బరి మొవ్వుల్లో, ఎదురొచ్చేవాడి కళ్లల్లో. రాత్రిపూట గట్టు రోడ్డు మీద ఎదురొచ్చేవాడికి ఓ పక్క కాలవ, ఇంకో పక్క బోదె.

చట్టం కూడా ఊరుకోదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకీ బండి యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. స్టైలు కోసం చీర గార్డు పీకేసే సోగ్గాళ్లకు ఇంకో మాట. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక చక్రానికి సగమైనా మూత ఉండాలంటుంది. వెనక కూర్చునే అమ్మ కొంగు సంగతి ఆ నిబంధన రాసినాయనకి తట్టింది, కొడుక్కి తట్టలేదు.

ఫోన్ హోల్డర్ ఒక్కటే కాస్త నయం. హ్యాండిల్ పైపు చాలా బళ్లకు 22 మిల్లీమీటర్లు, పెట్టెలో వచ్చేది అంతకన్నా లావు. సందులో సైకిల్ ట్యూబు ముక్క దోపితే ఆగుతుంది, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేదాకా. పంటు పలక మీద చక్రం దడేల్మంటే ఫోన్ తల వాల్చేస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్లకు అదీ దక్కదు. పెద్ద ఇంజిన్ల అదురు హ్యాండిల్ గుండా ఎక్కితే కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ 2021 సెప్టెంబరులోనే చెప్పేసింది.

ఇంతకీ తిప్పి పంపొచ్చు కదా అంటే, బెజ్జం వేశాక ఎవడు తీసుకుంటాడు? చట్టం మాత్రం కొన్నవాడి పక్షానే ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. అందుకే బాబ్బాబు, ఆర్డరు పెట్టేముందు బండి తయారైన ఏడాది, పాత సామాను కొలత చూసుకోండి. పెట్టె కోసేటప్పుడు వీడియో తీయండి. పట్టకపోతే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కొట్టండి. ఆకురాయి జోలికి మాత్రం పోకండి.