ఇప్పుడే కొనొద్దప్పా

టీవీ సలహాదారు పశ్చిమ కర్నూలు జిల్లాలో, ముఖ్యంగా ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లో విరివిగా కనిపించే మనిషి. వయసు యాభై పైమాటే. వృత్తి ఏదైనా కావచ్చు: బడిపంతులు, జిన్నింగు మిల్లు గుమాస్తా, కరెంటాఫీసులో చేసి రిటైరైన పెద్దాయన. టీవీల వ్యాపారంతో ఆయనకు సంబంధం ఉండదు, ఎవరు కొన్నా రూపాయి కమీషను రాదు. జనం ఆయన్ని నమ్మడానికి ఇదే కారణం. ఆయన్ని వదిలించుకోలేకపోవడానికీ ఇదే కారణం. కమీషను తీసుకునేవాడైతే బేరం తెగగానే వెళ్లిపోయేవాడు.

ఆయన మాట ఎంత దూరం తిరిగినా చివరికి ఒక్క చోటికే చేరుతుంది: "ఇప్పుడే కొనొద్దప్పా. ఇంకో ఏడాది ఆగు, కొత్తది వస్తాంది." ఈ వాక్యానికి ముందు ఆయన చెప్పేదంతా దాదాపు నిజం. అందుకే ఆయన్ని అర్థం చేసుకోవాలంటే టీవీల సంగతి కూడా కొంత తెలియాలి.

ఈ జాతి మూలాలు యాంటెనా కాలంలో ఉన్నాయి. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది, దేశంలో రంగుల ప్రసారాలు 1982లో. ఆ రోజుల్లో వీధికొక మనిషికి మిద్దెక్కి పైపు తిప్పే హక్కు ఉండేది. కింది నుంచి "వచ్చ... పాయ... ఆ, అట్లే పట్టుకో" అని అరుస్తుంటే ఆయన ఎండలో నిలబడి దిక్కులు సరిచేసేవాడు. బొమ్మ కుదిరేసరికి కింద సినిమా సగం అయిపోయేది. ఆయన చూసేది మిగతా సగమే. కేబులు వచ్చాక ఆ పని పోయింది. కొన్నేళ్లు దిగాలుగా గడిపాడు. గోడకు తగిలించే పల్చటి టీవీలు వచ్చాక మళ్లీ లేచాడు. ఎల్‌సీడీ, ప్లాస్మా, ఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ. ఇన్ని పేర్లు వింటే కొనేవాడికి గుబులు, సలహాదారుకు పండగ.

ఆదోని రకానికీ ఎమ్మిగనూరు రకానికీ తేడా ఉంది. ఆదోని పత్తి ఊరు. మార్కెట్ యార్డులో కొనేవాడు గుప్పెడు పత్తి లాగి, వేళ్ల మధ్య సాగదీసి, పింజ పొడవు చూసి గానీ ధర చెప్పడు. అక్కడి సలహాదారు కూడా సరుకును ముందువైపు నుంచి చూడడు. నేరుగా టీవీ వెనక్కి పోయి లేబుల్ మీద వాట్లు చదువుతాడు. తర్వాత రిమోటు అడుగుతాడు. షాపులో ప్రతి టీవీ డెమో మోడ్‌లో ఉంటుంది. వెలుగు చివరిదాకా పెంచి, జలపాతాలు, పంచవన్నెల చిలకలు ఆడిస్తుంటారు. "చిలకను చూపించి ఎవుడైనా అమ్ముతాడు. న్యూస్ పెట్టు" అంటాడు. కేబులు కనెక్షను లేదని కుర్రాడు నసిగితే, పక్క టీకొట్టు నుంచి వైరు లాగించిన సందర్భాలూ ఉన్నాయి. ఇది నిజంగా మంచి పరీక్ష. ఇంట్లో రోజూ చూసేదే షాపులో చూడాలి. చిలకలు ఎవరింటికీ రావు.

ఎమ్మిగనూరు నేతగాళ్ల ఊరు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టినప్పటి నుంచీ ఆ ఊరికి నూలు లెక్కలు ఇంటి లెక్కలే. అక్కడి సలహాదారు తెరను పోగులుగా చూస్తాడు. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. 4కేలో 3840, 2160. మొత్తం కలిపి సుమారు 83 లక్షలు. ఆయన దీన్ని చెప్పే పద్ధతి ఏ కంపెనీ కరపత్రంలోనూ దొరకదు: "పన్నా అదే, పోగు సన్నం." వెంటనే విరుపు కూడా ఉంటుంది. "నీ ఇంటికొచ్చే కేబులు ముతక నూలు. మగ్గం సన్నదైతే ఏం లాభం?" ఇదీ నిజమే. మామూలు ఛానెల్ పంపేది 576 వరుసలు మాత్రమే. మిగతావి టీవీ తనంతట తాను ఊహించి నింపుకోవాలి. తక్కువ ధర టీవీలు ఈ ఊహలో బలహీనం, మొహాలకు మైనం పూసినట్టు చూపిస్తాయి.

రెండు ఊళ్ల సలహాదారులకు ఒకరంటే ఒకరికి పడదు. దూరం గంట ప్రయాణమే అయినా ఒకరి బజారులో ఇంకొకరు నోరు విప్పరాదన్న కట్టుబాటు ఉంది. ఇద్దరు సలహాదారులు వియ్యంకులైన పెళ్లి ఒకటి జరిగింది. కొత్త జంటకు ఏ టీవీ ఇవ్వాలన్న చర్చ లగ్నపత్రిక నాడు మొదలై పెళ్లి రోజుకూ తేలలేదు. చివరికి బీరువా ఇచ్చారు.

ఇక ఆయన పాఠం. మనం ఎల్‌ఈడీ అని కొనే టీవీ నిజానికి ఎల్‌సీడీయే. ఆయన ఎక్కువగా ఆనందించేది ఈ రహస్యం చెప్పడంలో. తెరలోని ద్రవ స్ఫటికాలకు సొంత వెలుగు లేదు. అవి వెనక నుంచి వచ్చే వెలుగును ఎంత వదలాలో, ఎంత ఆపాలో చూసుకుంటాయి. మొదట్లో వెనక సన్నని ట్యూబులైట్ల వంటి దీపాలు ఉండేవి, తర్వాత వాటి స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి. దీపం మారింది, పేరు మారింది, తెర అదే. క్యూఎల్‌ఈడీ కూడా ఎల్‌సీడీయే. దీపానికీ తెరకూ మధ్య క్వాంటం డాట్స్ అనే అతి సూక్ష్మ కణాల పొర వేస్తారు, రంగులు శుభ్రంగా వస్తాయి. మినీ ఎల్‌ఈడీలో దీపాలు చిన్నవి, వేల సంఖ్యలో ఉంటాయి. నల్లగా ఉండాల్సిన చోట వాటిని విడిగా తగ్గించవచ్చు. తెల్లటి ఎల్‌ఈడీ దీపానికి దారి తీసిన నీలి ఎల్‌ఈడీకి 2014లో, క్వాంటం డాట్స్‌కు 2023లో నోబెల్ బహుమతులు వచ్చాయి. మధ్యాహ్నం సీరియల్ కనబడక అవస్థ పడుతున్న ఇల్లాలికి ఆయన ఈ రెండు నోబెళ్ల కథా నిలబెట్టి చెబుతాడు. ఆమె మర్యాద కొద్దీ వింటుంది. మధ్యలో కుక్కరు కూస్తే ఇద్దరికీ ఊరట.

ఆయన గొప్పతనం బయటపడేది టీవీ చెడిపోయిన రాత్రి. శబ్దం వస్తుంటుంది, బొమ్మ రాదు. ఇంట్లోవాళ్లు ప్యానెల్ పోయిందని, కొత్త టీవీయే గతి అని డీలా పడిపోతారు. సలహాదారు వస్తాడు, లైట్లన్నీ ఆర్పమంటాడు, సెల్‌ఫోను టార్చి తెరకు ఆనించి ఏటవాలుగా పట్టుకుంటాడు. ఆ వెలుగు పడిన మేర, గాజు లోపల, న్యూస్ చదివే అమ్మాయి మొహం మసకగా కదులుతూ కనిపిస్తుంది. తెర బతికే ఉంది, పోయింది దీపమే. టీవీ వెనక ఎల్‌ఈడీలు పట్టీలుగా, ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉంటాయి. ఒక్కటి తెగితే ఆ వరుస మొత్తం ఆరిపోతుంది. మెకానిక్కులు "స్ట్రిప్ పోయింది" అనేది దీన్నే. కొత్త టీవీ ధరలో చిన్న వంతుతో పని అయిపోతుంది. మర్నాడు ఆయనే ఆ టీవీని దుప్పట్లో చుట్టి, మోపెడ్ వెనక కూర్చుని, పడుకోబెట్టకుండా నిలువుగా పట్టుకుని షాపుకు తీసుకుపోతాడు. దారిలో ఎవరు పలకరించినా చెయ్యి ఊపడు. స్ట్రిప్ త్వరగా పోవడానికి కారణం వేడి, బ్యాక్‌లైటును ఎప్పుడూ చివరిదాకా పెంచి ఉంచడం. మే నెలలో ఈ ప్రాంతపు ఎండలో గది గోడే కాలుతుంటుంది. బ్యాక్‌లైటు సగానికి తగ్గించుకుంటే టీవీ నాలుగు కాలాలు ఉంటుందని ఆయన ప్రతి ఇంట్లో చెప్పి, రిమోటు తీసుకుని స్వయంగా తగ్గించి వెళతాడు. ఆయన గేటు దాటగానే పిల్లలు మళ్లీ పెంచుతారు.

ఇంత తెలిసిన మనిషి "ఆగు" అని ఎందుకు అంటాడన్నదానికి ఒక కారణం ఉంది. అది ఆయన హాల్లోనే ఉంది: 42 అంగుళాల ప్లాస్మా. ప్లాస్మాలో ప్రతి చుక్కా వాయువు నింపిన చిన్న గది, దాని వెలుగు దానిదే. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ పద్ధతి ఒకప్పుడు పెద్ద తెరలకు రాజు. ఏళ్లపాటు చదివి, విచారించి, పది షాపులు తిరిగి ఆయన అదే కొన్నాడు. 2014 ముగిసేలోగా పెద్ద కంపెనీలన్నీ ప్లాస్మాను ఆపేశాయి. ఈ సంగతి బంధువర్గంలో ఎవరూ ఆయన ముందు ఎత్తరు. టీవీ ఇప్పటికీ పనిచేస్తోంది, నలుపు ఇప్పటికీ నల్లగానే ఉంది, ఎండాకాలంలో దాని వేడికి కూలరు అటువైపు తిప్పాల్సి వస్తుంది. చెడిపోతే కొత్తది కొనేవాడు. అది చెడిపోదు. (ఈ వర్ణనకు ఆధారమైన పెద్దమనిషి పేరు ఇక్కడ రాయలేదు. రాస్తే వచ్చే సంక్రాంతికి ఎమ్మిగనూరు జాతరకు పిలుపు ఉండదు.)

ఓఎల్‌ఈడీ అంటే ఆయనకు ప్రేమ, భయం రెండూ. అందులోనూ ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది; నలుపు కావాలంటే ఆ చుక్క పూర్తిగా ఆరిపోతుంది. చీకటి గదిలో దానికి సాటి వచ్చే బొమ్మ లేదు. కానీ ఆ చుక్కలు సేంద్రియ పదార్థాలతో చేసినవి, వాడినకొద్దీ అరుగుతాయి. ఒకే చోట ఒకే బొమ్మ గంటల తరబడి నిలిస్తే ఆ చోటు ఎక్కువ అరిగి మచ్చ పడవచ్చు. తెలుగు న్యూస్ ఛానెల్ తెర మీద కదలనివి ఎన్ని ఉంటాయో లెక్క పెట్టవచ్చు: మూల లోగో, గడియారం, కింద రెండు పట్టీలు, ఎర్ర డబ్బాలో బ్రేకింగ్. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా న్యూస్ నడిచే ఇంటికి ఓఎల్‌ఈడీ తగదు. ఈ మాట ఆయన చెప్పినప్పుడు కాదనడానికి ఏమీ లేదు. అసలు రోజంతా న్యూస్ నడిచేది ఆయన ఇంట్లోనే.

ఆయన విద్యలో ఒక్క లోటు ఉంది. ప్యానెల్ సంగతి అంతా తెలుసు గానీ, గది సంగతి అడగడు. ఈ ప్రాంతపు ఇళ్లలో వీధి తలుపు పగలంతా తీసే ఉంటుంది. పాత మట్టిమిద్దెల్లో పైకప్పు గవాచి నుంచి ఎండ సూటిగా లోపలికి దిగుతుంది, పొద్దు తిరిగేకొద్దీ గోడ మీదికి పాకుతుంది. కింద బేతంచెర్ల బండలు, నున్నగా తుడిచినవి. ఇంత వెలుగులో ఓఎల్‌ఈడీ నలుపు గొప్ప ఎవరికీ కనబడదు; తెర మీద కనబడేది వాకిట్లో ఆరేసిన చీర. ఇలాంటి హాలుకు వెలుగు దండిగా ఉన్న మామూలు ఎల్‌ఈడీయే నయం.

చూసేవాళ్లు కూర్చునే తీరు కూడా ముఖ్యం. టీవీని పిల్లల చేతికి అందకుండా గోడకు ఎత్తున కొడతారు. జేజి కింద చాప మీద, కోడలు వంటింటి గడప దగ్గర పక్కకు, మగవాళ్లు మంచం మీద. ఎల్‌సీడీ తెరల్లో రెండు ప్రధాన రకాలున్నాయి. వీఏ రకంలో ఎదురుగా కూర్చుంటే నలుపు బాగా ఉంటుంది, పక్కకు జరిగితే రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్ రకంలో నలుపు కాస్త బూడిద, కానీ ఎటు నుంచి చూసినా బొమ్మ ఒకటే. ఎదురుగా మంచం మీద కూర్చున్న సలహాదారు వీఏ కొనమంటాడు. గడప దగ్గర కూర్చున్న మనిషిని ఎవరూ అడగరు. ఎక్కువసేపు చూసేది ఆమె. పదిమంది చెల్లాచెదురుగా కూర్చునే ఇంటికి ఐపీఎస్ తీసుకోవడం, మేకును ఒక మూర కిందికి దించి కొట్టడం మేలు.

"ఆగు" అన్న మాట మీద నిజంగా ఆగినవాళ్ల చరిత్ర వేరే ఉంది. ఆదోనిలో ఒక ఇంటివారు ఎల్‌ఈడీ వస్తుందని ఎల్‌సీడీ మానుకున్నారు, 2013లో 55 అంగుళాల ఓఎల్‌ఈడీ మార్కెట్లోకి వచ్చిందని ఎల్‌ఈడీ మానుకున్నారు, ధర తగ్గాలని ఓఎల్‌ఈడీ మానుకున్నారు, 2017లో క్యూఎల్‌ఈడీ అన్న పేరు వినబడిందని మళ్లీ ఆగారు. పత్తి డబ్బులు వచ్చిన ప్రతి ఏడూ ఆ ఇంట్లో టీవీ మాట వచ్చింది, సలహాదారు కూడా వచ్చాడు. ఆ డబ్బుతో బోరు వేయించారు, పిల్ల పెళ్లి చేశారు, ట్రాక్టరుకు టైర్లు మార్చారు. ఇంటాయన ఈ మధ్య చెప్పేదేమంటే, సలహాదారు వల్లే ఇవన్నీ జరిగాయని. ఇంటావిడ మాట వేరుగా ఉంది, అది అచ్చుకు తగదు.

సలహాదారుకు ఇటీవల ఒక విజయం దక్కింది. 32 అంగుళాలు మించిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. "చెప్తి కదప్పా ఆగుమని" అంటూ ఆయన రెండు వీధులు తిరిగాడు. దసరా ముందర చాలామంది కొన్నారు. ఆయన కొనలేదు. ఇప్పుడు మైక్రో ఎల్‌ఈడీ అనే ఇంకో కొత్త రకం ధర దిగడం కోసం చూస్తున్నాడు.

ఆదోనిలో టీవీ కొనదలచినవారు ముందురోజు సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని చెప్పినదంతా రాసుకోవాలి, మర్నాడు పొద్దున పదింటికల్లా షాపులో బిల్లు వేయించుకోవాలి. ఆయన పదకొండు దాటందే బజారుకు రాడు.